ఎడమ పెడలు

జనగామలో నా సైకిల్ దుకాణం ముందు మైసమ్మ ఏడుస్తూ కూర్చున్న చోట పోయిన వారం ఈ కథను ఆపాను. ఆమె చెప్పినవి మూడే ముక్కలు. ఆమె తమ్ముడు కట్టయ్య భూపాలపల్లి అడవి అంచున మిలిటరీకి దొరికాడు. అతని సైకిల్‌ను క్యాంపు ఆఫీసరు తనదిగా చేసుకున్నాడు. ఆ సైకిల్ సీటు గొట్టంలో నా కూతురు రూతు రాసిన చీటీ ఉంది.

రూతు మానుకోట దవాఖానలో నర్సు. నాకూ ఆమెకూ రెండేళ్లుగా మాటలు లేవు. నా భార్య మరియమ్మ అడవిలో దాక్కున్న సంఘం వాళ్లకు జొన్న గటక మోసింది. వానలో తడుస్తూ మోసింది. జ్వరం తగిలి తొమ్మిదో రోజున పోయింది. ఆ గటక తిన్నవాళ్లలో ఒక్కడు పిడికెడు మన్ను వేయడానికి రాలేదు. వస్తే పట్టుబడతారని రూతు వాళ్ల తరఫున మాట్లాడింది. "అయితే వాళ్ల దగ్గరికే పో, నా గడప తొక్కకు" అన్నాను. తొక్కలేదు. నా కూతురే కదా.

కట్టయ్య చీటీ దాస్తుంటే మైసమ్మ చూసింది, అందులో ఏముందో తెలియదు. ఆమెకు చదువు రాదు. నాకు మాత్రం అనుమానం లేదు. దవాఖాన నుంచి అడవికి ఏ మందులు పోయాయో రాసి ఉంటుంది. అది దొరికితే రూతును క్యాంపుకు తీసుకుపోతారు. క్యాంపుకు పోయి వచ్చిన ఆడవాళ్ల గురించి జనగామలో ఎవరూ గట్టిగా మాట్లాడరు.

కట్టయ్య నోరు విప్పలేదు. అతనూ పొడుగరే, ఆఫీసరూ పొడుగరే. అందుకని ఎనిమిది రోజులు తొక్కినా ఆఫీసరుకు సీటు దించే పని పడలేదు. కానీ ఆయన బదిలీ మీద పోతున్నాడు. బేస్తవారం విమానంలో మద్రాసుకు. సైకిల్ కూడా ఆయన సామానుతో పాటు విమానంలోనే పోతుంది. మైసమ్మ ఈ మాట చివర్లో, లేవబోతూ చెప్పింది. నేను పట్టుకున్నది ఆ మాటనే.

బేస్తవారం పొద్దున ఎనిమిదికి మామునూరు విమానాల మైదానం గేటు బయట సంచి పరిచి కూర్చున్నాను. పానాలు, గాలి పంపు, గ్రీజు డబ్బా, పాత పెడళ్లు రెండు పేర్చాను.

నాకు రెండు సంగతులు తెలుసు. సైకిల్‌ను ఉన్నదున్నట్టుగా విమానం ఎక్కనివ్వరు. పెడళ్లు విప్పాలి, హ్యాండిల్ పక్కకు తిప్పాలి, గాలి తీయాలి, సీటు అడుగుకంటా దించాలి. నిరుడు ఒక డాక్టరమ్మ సైకిల్‌కు ఆ పనులన్నీ నేనే చేశాను. ఇక రెండోది. కుడి పెడలు మామూలు మరలాగే ఊడుతుంది. ఎడమదాని మర తిరగబడి ఉంటుంది. అన్ని మరలూ వదులయ్యే వైపుకు తిప్పితే అది బిగుస్తుంది. మా వైపు సైకిల్ తొక్కేవాళ్లకు ఈ ముక్క తెలియదు. వాళ్లకు పెడలు విప్పే అవసరం రాదు. తెలియనివాడు బలం పెడతాడు. బలం పెట్టినకొద్దీ అది బిగుస్తుంది. చివరికి మిస్త్రీ కోసం చూస్తాడు. ఆ మిస్త్రీ గేటు దగ్గర ఉండాలి.

ముందుగా సామాను గుమాస్తా వచ్చాడు. పేరు యోహాను. సన్నటి మనిషి, మెడ దాకా గుండీలు. కుడి కాలితో మాత్రమే తొక్కుతూ వచ్చాడు. అతని సైకిల్‌కు ఎడమవైపు పెడలు లేదు, ఉత్త ఇనుప కడ్డీ ఉంది.

"మిస్త్రీ, ఎడమ పెడలున్నదా?" అన్నాడు.

"లేదు. రెండూ కుడివే."

"అందరూ గిదే చెప్తున్నరు. ఆర్నెల్లాయె."

నిజమే. అందరూ ఎడమ పెడలు మీద కాలు పెట్టే సైకిల్ ఎక్కుతారు. ముందు విరిగేది అదే. మా సంచుల్లో మిగిలేవి కుడివి.

తొమ్మిదిన్నరకు జీపు వచ్చింది. ఆఫీసరు వెంకట్రాం దిగాడు. తెల్ల ప్యాంటు, నల్ల కళ్లద్దాలు. కోస్తా మనిషి. వెనక నుంచి క్యాంపు బంట్రోతు మోతీ సైకిల్‌ను భుజాన వేసుకుని దిగాడు. యాభై దాటిన తండా మనిషి, తెల్ల మీసాలు. ఆ సైకిల్‌ను చూడగానే గుర్తుపట్టాను. నా చేతుల్లో బిగిసిన బండి అది. కట్టయ్యకు నేనే ఇచ్చాను.

రేకుల షెడ్డు గేటుకు ముప్ఫై అడుగుల దూరం. మాటలన్నీ వినిపించాయి.

"పెడళ్లు తీయాలె సార్," అన్నాడు యోహాను.

"ఎందుకయ్యా? నేనేమైనా పైన తొక్కుతానా?"

"మీరు తొక్కరు సార్. పక్కనోళ్ల పెట్టెలను పొడుస్తది. గాలి సుత తీయాలె."

"గాలికి కూడా తూకమేనా?"

"తూకానికి కాదు సార్. పైకి పోయినంక ట్యూబు పగుల్తది. టప్పుమంటే లోపలోళ్లు తుపాకి అనుకుంటరు. అసలే దినాలు మంచిగ లేవు."

ఆఫీసరు నవ్వలేదు. మోతీ పానా అందుకున్నాడు. కుడి పెడలు రెండు తిప్పుల్లో ఊడింది. ఎడమదానికి రెండు చేతులూ వేశాడు. కాలు తన్నిపెట్టి లాగాడు. పానా మీద ఎక్కి నిలబడ్డాడు. నేను ఒక్కో తిప్పునూ చూస్తూ కూర్చున్నాను. పండుగనాడు కూడా నా ప్రాణం అంత కుదురుగా లేదు.

"మోతీ, ఇంకొక్కసారి తిప్పితే అది ఏ జన్మకూ రాదు," అని యోహాను గేటు వైపు తిరిగాడు. "ఓ మిస్త్రీ! జర గిట్ల రా!"

సంచి తీసుకుని వెళ్లాను.

"నీ పేరేంటి?" అన్నాడు ఆఫీసరు.

"దేవదాసు."

"ఏ ఊరు?"

"మరిపెడ సార్." జనగామ అంటే సంఘం జాగా అని ఆ రోజుల్లో ఇంకో నాలుగు ప్రశ్నలు పడేవి.

"మరిపెడవాడికి విమానాల దగ్గరేం పనయ్యా?"

"గీడ సైకిళ్లు ఎక్కుతయి, దిగుతయి సార్. పని దొరుకుతది."

"గీడ!" అన్నాడు ఆయన, నోట్లో రాయి పడ్డట్టు. "ఏం భాషయ్యా మీది. సరే కానియ్."

పానా తగిలించి బిగించే వైపుకు తోశాను.

"ఏవయ్యా, బిగిస్తున్నావేంటి?"

"విప్పుతున్న సార్."

"తిరగేసి తిప్పుతున్నావు!"

"ఇది తిరగేసిందే సార్."

పెడలు ఊడి నా అరచేతిలోకి వచ్చింది.

"మీ దేశంలో అన్నీ తిరకాసే," అన్నాడు.

"సైకిల్ ఇంగ్లండుది సార్," అన్నాను.

యోహాను దగ్గి అటు తిరిగాడు. హ్యాండిల్ బోల్టు వదులు చేసి పక్కకు తిప్పాను. రెండు టైర్లలో గాలి తీశాను. మిగిలింది సీటు.

కడ్డీ జారకుండా గొట్టం లోపల గుడ్డ పేలిక చుట్టి బిగించడం మా మిస్త్రీల అలవాటు. ఈ బండికి చుట్టింది మరియమ్మ చీర అంచు. నేరేడు రంగు. ఆమె బతికి ఉండగానే చిరిగిన చీర, ఆమే చింపి ఇచ్చింది. బోల్టు వదులు చేయగానే ఆ రంగు గొట్టం అంచున కనబడింది. దాని వైపు చూడకుండా సీటును కిందికి తోశాను.

నాలుగు వేళ్లు దిగి ఆగిపోయింది.

"ఇంకా దిగాలె మిస్త్రీ," అన్నాడు యోహాను. "గట్ల నిలబడితే తలుపు పట్టదు."

"తుప్పు పట్టింది. గ్రీజు పెడ్త." సీటును పూర్తిగా పైకి లాగాను. పేలిక కడ్డీతో పాటు వచ్చింది. గొట్టం లోపల జానెడు లోతున మైనపు గుడ్డ చుట్ట ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది. ఒక కొస తెల్లగా కనిపిస్తోంది.

నా నీడ మీద ఇంకో నీడ పడింది. ఆఫీసరు వంగాడు. కళ్లద్దాలు తీశాడు.

"లోపలేంటది?"

"గూడు సార్. కందిరీగలది."

"తెల్లగా ఉందే?"

"గుడ్లు పెట్టినయి సార్."

ఆయన నా మొహం చూశాడు. గొట్టం చూశాడు. మళ్లీ నా మొహం చూశాడు. ఈ సైకిల్ ఎవరి దగ్గర దొరికిందో ఆయనకు తెలుసు. ఇన్నాళ్లూ గొట్టం ఎందుకు వెతకలేదన్న ఆలోచన ఆయనకు అప్పుడే వచ్చింది. అది రావడం నాకు కనబడింది.

"నువ్వు దూరంగా జరుగు," అన్నాడు. "మోతీ, వేలు పెట్టి తీయరా."

జరిగాను. జరగక చేసేదేముంది. చేతిలో పానా ఉంది. షెడ్డు మూల ఇద్దరు జవాన్లు ఉన్నారు. వాళ్ల తుపాకులు ఉన్నాయి. రూతు చిన్నప్పుడు పలక మీద రాసిన అక్షరాలు కళ్ల ముందు ఆడాయి. 'ర'కు తోక పొడుగ్గా పెట్టేది. వద్దంటే వినేది కాదు.

మోతీ కూర్చుని గొట్టంలోకి వేలు దూర్చాడు. వేలు చుట్టకు తగిలింది. తగిలినట్టు అతని భుజం చెప్పింది. తల తిప్పి నన్ను చూశాడు. ఒక్క రెప్పపాటు.

"యాడీ!" అని తండా భాషలో తల్లిని పిలిచి ఎగిరి పడ్డాడు. "కుట్టింది! ఓ నాయినో, కుట్టింది సార్!" వేలు నోట్లో పెట్టుకుని షెడ్డు అంతా గంతులు వేశాడు. "లోపల గుంపున్నది! జరుగున్రి సార్, జరుగున్రి!"

ఆఫీసరు మూడు అడుగులు వెనక్కి పోయి తూకం యంత్రం మీద ఎక్కాడు. ముల్లు గిర్రున తిరిగి ఆగింది.

"సార్, మీ తూకం ముందే పట్టినం," అన్నాడు యోహాను.

"తియ్యవయ్యా వాటిని!" అని నా మీద కేకేశాడు ఆఫీసరు. "నీ పనే కదా అది!"

నా పనే. గ్రీజు గుడ్డ చేతికి చుట్టి, తీగ కొస వంచి గొట్టంలోకి దించి లాగాను. చుట్ట గుడ్డలోకి వచ్చింది. గుడ్డ మూసి సంచిలో వేశాను.

"ఆగు. ఆ గుడ్డ ఇలా చూపించు."

గుడ్డను మళ్లీ బయటికి తీశాను. మూతి గట్టిగా పట్టుకుని ఆయన దగ్గరికి రెండు అడుగులు వేశాను. "రెండు మూడు బతికే ఉన్నయి సార్. విప్పమంటరా?"

మోతీ మూలన కూర్చుని మూలిగాడు. ఎంత బాగా మూలిగాడంటే ఆ క్షణాన నాకే కందిరీగలు వినిపించాయి.

"వద్దొద్దు. అవతల పారెయ్," అన్నాడు ఆఫీసరు.

పేలిక విప్పి జేబులో వేసుకున్నాక సీటు అడుగుకంటా దిగింది. యోహాను కలం తీశాడు. "సైకిల్ ఒకటి. విప్పిన పెడళ్లు రెండు. ఎవరిదని రాయాలె సార్?"

"నాదే."

"మీ పేరు మీద," అని యోహాను రాసుకున్నాడు. భూపాలపల్లి క్యాంపులో కట్టయ్య నేల మీద పడుకుని ఉన్నాడు. అతని సైకిల్ ఆ విధంగా ఇంకొకడిదైంది. నేను పెడళ్లు రెంటినీ గుడ్డలో మూటకట్టి సైకిల్ కడ్డీకి గట్టిగా ముడి వేశాను. మూటలో కట్టినవి రెండూ కుడివే. ఒకటి ఆ బండిది, ఒకటి నా సంచిలోని పాతది. ఎడమది నా సంచిలోకి పోయింది. మద్రాసులో బిగించేటప్పుడు తెలుస్తుంది. ఎంత బలం పెట్టినా అక్కడ పట్టదు. నేను క్షమించే మనిషిని కాను.

పదకొండు దాటాక విమానం లేచింది. దుమ్ము మా మీద పోసి, మైదానం చివరి తాడిచెట్ల మీదుగా పైకి పోయింది. అది చిన్నదయ్యేదాకా నిలబడ్డాను. తర్వాత గేటు పక్కన గోడకు ఆనుకుని కూర్చున్నాను. రెండేళ్లకు ఊపిరి కడుపు దాకా పోయింది. నీళ్లు తాగాలనిపించింది. ఆకలి కూడా వేసింది. మరియమ్మ పోయాక ఆకలి వేళకు వేయడం అదే మొదలు.

మోతీ చెంబుతో నీళ్లు తెచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏది, వేలు చూపియ్యి," అన్నాను.

చూపించాడు. పొగాకు మరక తప్ప ఏమీ లేదు.

"ఏడ కుట్టింది?"

"గూడని నువ్వే అంటివి. గూడంటే కుట్టాలె గద."

"ఎందుకు చేసినవ్?"

చెంబు ఎత్తి తాను కూడా ఒక గుక్క తాగాడు. "నర్సింహులపేట కాడ మా తండా. పోయిన వానకాలం మా బిడ్డ రుక్కికి కాన్పు అడ్డం తిరిగింది. బండి మీద మానుకోటకు ఏసుకపోయినం. ఒక నర్సమ్మ రెండు దినాలు పక్కనుంచి లేవలే. తల్లీ పిల్లా బతికిన్రు. నీ పేరేంది బిడ్డా అంటే, జనగామ దేవదాసు బిడ్డనన్నది."

 గడప తొక్కవద్దన్నవాడి పేరు చెప్పుకుంటోంది.

"నువ్వేమో మరిపెడ అంటివి," అని మోతీ నవ్వాడు. "నీకు అబద్ధం రాదన్నా. చెవులు ఎర్రగైతయి. అప్పటికి ఆఫీసరు నల్లద్దాలు పెట్టుకునే ఉన్నడు గాబట్టి సరిపోయింది. ఏం రాసిందో ఏమో, కాల్చెయ్యి. నాకు చెప్పకు."

అగ్గిపెట్టె తీసి నా ఒళ్లో పెట్టాడు.

మైనపు గుడ్డ విప్పాను. లోపల ఒకే కాగితం, నాలుగు మడతలు. మందుల పేర్లు చూసి కాల్చేద్దామనుకున్నాను. మొదటి వరుస దగ్గరే ఆగిపోయాను.

'నాయినకు, రూతు రాసేది.'

కట్టయ్య తెచ్చింది అడవికి కాదు. నాకు. భూపాలపల్లిలో తన పని చూసుకుని జనగామ వచ్చి నాకిచ్చేవాడే. మధ్యలో దొరికాడు. నా కూతురు చీటీ రాసిందంటే అది వాళ్లకే అనుకున్నాను. నాకు రాస్తుందని ఇన్ని రోజుల్లో ఒక్కసారి కూడా తోచలేదు.

'చింపకుండా చదువుతవని అనుకుంటున్న. దవాఖానల నా మీద కన్ను పడ్డది. ఇగ ఈడ ఉండరాదు. నాకు రెండు తొవ్వలున్నయి. అడవికి పోతే మల్ల రాను. లేకుంటే ఇంటికి రావాలె. గడప తొక్కొద్దన్నవు. పిలువకుండ తొక్క. నువ్వొచ్చి తోలుకపోతే వస్త. పైవారం బేస్తవారం మానుకోట టేషన్ల కూసుంట. పొద్దుమూకెటప్పటి రైలు దాకా చూస్త. ఆ రైలు పోయిందంటే నేను సుత పోయినట్టే. అమ్మ చీర పేలిక సైకిల్‌కు ఇంకా ఉన్నది. చూసిన.'

'ర'లకు తోకలు పొడుగ్గానే ఉన్నాయి. ఆమె చెప్పిన బేస్తవారం ఇవాళే, రైలు పొద్దు గుంకేటప్పుడు.

కాగితాన్ని మరియమ్మ పేలికలో చుట్టి లోపలి జేబులో పెట్టుకున్నాను. లేచాను.

"మోతీ, మానుకోటకు బస్సుందా?"

"పొద్దుగాల ఒక్కటే. పోయింది."

"జీపు?"

"భూపాలపల్లి పోతది. అది అటు, మానుకోట ఇటు. నీకు పనికిరాదు." అతను నా మొహం చూసి అగ్గిపెట్టె వెనక్కి తీసుకున్నాడు. "ఎంత దూరం పోవాలె నీకు?"

"ముప్ఫై అయిదు మైళ్లు. పొద్దుమూకక ముందు."

నడిస్తే రేపు చేరతాను. సైకిల్ మీదైతే చేరతాను. నేను బిగించిన మంచి సైకిల్ ఒకటి ఆకాశంలో మద్రాసు వైపు పోతోంది. సంచి భుజానికి ఎత్తితే లోపల పెడలు పానాలకు తగిలి మోగింది.

యోహాను సైకిల్ షెడ్డు గోడకు ఆనించి ఉంది. ఒక వైపు పెడలు, రెండో వైపు ఉత్త కడ్డీ.

నేరుగా దాని దగ్గరికి పోయి కూర్చున్నాను. అరిగిన కడ్డీని విప్పేశాను. సంచిలోంచి ఎడమ పెడలు తీసి, మర చూసుకుని, తిరగేసి తిప్పాను. ఆరు తిప్పుల్లో కూర్చుంది. చేత్తో తిప్పితే తేలిగ్గా తిరిగింది.

లేచి చూస్తే వెనక యోహాను నిలబడి ఉన్నాడు. చంకలో సామాను పుస్తకం ఉంది. పెడలును చూశాడు. తలెత్తి ఖాళీ ఆకాశాన్ని చూశాడు.

"పొద్దుగాల ఎడమది లేదంటివి," అన్నాడు మెల్లగా. "పెడళ్లు రెండు విమానమెక్కినయని నా చేత్తో రాసిన. మద్రాసుల ఒకటి తక్కువైతే అడిగేది నన్నే. గది యాడికెళ్లి వచ్చింది మిస్త్రీ?"

గేటు దగ్గర జీపు ఇంకా ఉంది. జవాన్లు ఇద్దరూ దాని పక్కనే బీడీలు కాలుస్తున్నారు. అబద్ధం చెప్పాలని నోరు తెరిచాను. చెవులు కాలడం మొదలైంది.

"నాది మరిపెడ కాదు, జనగామ," అన్నాను. "ఎడమ పెడలు నేనే తీసుకున్న. మానుకోట టేషన్ల నా బిడ్డ కూసున్నది. పొద్దుమూకే రైలు దాకనే ఉంటది. నీ సైకిల్ గావాలె నాకు."

ఒకరిని ఏదైనా అడగడం రెండేళ్లలో అదే మొదటిసారి.

యోహాను పుస్తకాన్ని చంకలోంచి తీసి తెరిచాడు. తాను రాసిన వరుస మీద వేలు పెట్టి చాలాసేపు చూశాడు. పుస్తకం మూసి, రెండో చెయ్యి తన సైకిల్ హ్యాండిల్ మీద వేశాడు. నా వైపు తోస్తాడో, తన వైపు లాక్కుంటాడో ఆ చేతిని చూస్తే తెలియడం లేదు. గేటు దగ్గర జవాను ఒకడు బీడీ పారేసి మా వైపు నడిచి వస్తున్నాడు. మిగతాది పై వారం.